ఆ డెబ్బై శాతం ఎవరి లెక్క?

ఆయన వయసు 58. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు గుమాస్తా. పదకొండేళ్లుగా షుగరు, ఆరేళ్లుగా బీపీ ఉన్నాయి. సిగరెట్లు మానేసి మూడేళ్లయింది. సీజన్‌లో టిక్కీల (బస్తాల) మధ్య రోజంతా తిరిగే మనిషికి నాలుగు నెలలుగా మేడ మెట్లెక్కితే రొమ్ము మధ్యలో పట్టేసినట్టు ఉంటోంది. ఆగితే రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతోంది. మొదట్లో మిర్చి ఘాటే అనుకున్నారట.

వేరే చోట ట్రెడ్‌మిల్ చేస్తే మూడో స్టేజీలో పాజిటివ్ వచ్చింది. ఈసీజీలో గుండె కింది భాగాన్ని చూసే రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్‌టీ డిప్రెషన్, అంటే గీత కిందికి దిగడం. యాంజియో (రంగు మందు ఎక్కించి గుండె రక్తనాళాలను ఎక్స్‌రేలో చూసే పరీక్ష) కూడా అక్కడే అయింది. గుండె ముందు భాగానికి రక్తమిచ్చే ఎల్‌ఏడీ నాళం మధ్యభాగంలో 50–60 శాతం బ్లాకు, కుడి నాళమైన ఆర్‌సీఏ మధ్యభాగంలో 70 శాతం, ఎడమ పక్క నాళం సర్కమ్‌ఫ్లెక్స్ నుంచి వచ్చే మొదటి ఓఎం కొమ్మలో 80 శాతం అని రిపోర్టు. ఆర్‌సీఏకి, ఓఎంకి స్టెంట్లు వేయాలి, ఎల్‌ఏడీకి మందులు చాలు అని సలహా. సీడీ పట్టుకుని కొడుకుతో కలిసి నా దగ్గరికి వచ్చారు. చివరికి మేం చేసింది ఆ సలహాకి పూర్తిగా తిరగేసిన పని. అలా ఎందుకు చేశామో, మధ్యలో మేమే ఎక్కడ పప్పులో కాలేయబోయామో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆయన ఒప్పుకున్నారు. ఆయన్ని గుర్తుపట్టగల వివరాలు మార్చాను.

సీడీలో కనపడింది

సీడీ నేనొక్కణ్నే చూడలేదు. పాత రిపోర్టు చూపించకుండా మా సహోద్యోగి ముందు పెట్టాను. ఆర్‌సీఏ నాకు 65 అనిపించింది, ఆయనకు 75. ఎల్‌ఏడీ నాకు 60, ఆయనకు 50. కంప్యూటరుతో కొలిస్తే ఆర్‌సీఏ 58, ఎల్‌ఏడీ 49 వచ్చాయి. కంటి అంచనా కంటే కంప్యూటరు కొలత తక్కువ రావడం మామూలే. ఇద్దరికీ చెరో పదిహేనేళ్ల అనుభవం ఉంది, చూసింది అదే సినిమా, అయినా లెక్కలు వేరు. ఇందులో ఎవరి తప్పూ లేదు. యాంజియో చూపించేది రంగు మందు నీడ. 1958లో క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ చేతిలో కాథెటర్ (సన్నటి గొట్టం) పొరపాటున కరోనరీలోకి (గుండె రక్తనాళంలోకి) జారి ఈ పరీక్ష పుట్టింది. అప్పటి నుంచి నీడల నాణ్యత ఎంతో పెరిగింది గానీ, నీడ నీడే.

శాతం అంటే దేనిలో శాతం? పక్కనున్న 'బాగున్న' ముక్కతో పోల్చి చెబుతాం. పదకొండేళ్లుగా షుగరున్న మనిషి ఎల్‌ఏడీలో బాగున్న ముక్క ఎక్కడుంటుంది? నాళం పొడవునా గోడలో కొవ్వు పేరుకుని ఉంటే, పక్క ముక్క కూడా సన్నబడిందే కాబట్టి బ్లాకు చిన్నగా కనిపిస్తుంది. పైగా గోడలో కొవ్వు పెరిగే కొద్దీ నాళం బయటివైపుకి ఉబ్బి చోటిస్తుంది. గోడలో సుమారు 40 శాతం దాకా కొవ్వు నిండినా లోపలి దారి అంతగా ఇరుకవదని 1987లోనే గ్లాగోవ్ బృందం చూపించింది. యాంజియోకి ఆ ఉబ్బు కనపడదు.

సీడీలో ఇంకో రెండు సంగతులు నా కంటపడ్డాయి. ఆర్‌సీఏ బ్లాకు చూడ్డానికి గట్టిదే గానీ పొట్టిది, ఎనిమిది మి.మీ. ఉంటుంది. ఆ నాళం కిందకు వెళ్లి ఇచ్చే కొమ్మలు కూడా చిన్నవి, గుండె వెనక భాగానికి ఎక్కువ రక్తం సర్కమ్‌ఫ్లెక్స్ నుంచే పోతోంది. ఎల్‌ఏడీ బ్లాకు 26 మి.మీ. పొడవు. ఆ నాళం గుండె కొస చుట్టూ తిరిగి కింది భాగానికి కూడా అందుతోంది.

అందరూ చేసే పొరపాటు ఒకటి ఇక్కడే చెప్పాలి. ట్రెడ్‌మిల్‌లో కింది లీడ్లలో మార్పు వచ్చింది కాబట్టి దోషి ఆర్‌సీఏ అని పాత కాగితంలో రాశారు. ఎస్‌టీ ఎలివేషన్ (గీత పైకి లేవడం) జబ్బు ఉన్న చోటు చెబుతుంది. ట్రెడ్‌మిల్ మీద వచ్చే ఎస్‌టీ డిప్రెషన్ చోటు చెప్పదు. ఏ నాళంలో ఇస్కీమియా (రక్తం చాలకపోవడం) ఉన్నా అది కింది లీడ్లలోనూ, ఛాతీ మీది వీ5 చుట్టుపక్కలా కనపడొచ్చు.

"ఇంతకీ ఎంత పర్సెంటు సార్?" అన్నాడు కొడుకు. వాళ్లకు సాగర్ కుడి కాలవ కింద ఆఖర్న నాలుగెకరాలున్నాయి. అందుకే అడిగాను: "తూము ఎంత వెడల్పో కొలిస్తే మీ చేలో నీళ్లెన్నో తెలుస్తుందా?" "ఎట్లా తెలుస్తుంది సార్, చివర్న మడిలో చూడాలిగా" అన్నాడు. "ఎప్పుడు చూడాలి?" "నాట్లప్పుడు. అందరూ తీసుకునేటప్పుడు మా దాకా వస్తే వచ్చినట్టు." ప్రెషర్ వైర్ (ఒత్తిడి కొలిచే సెన్సర్ ఉన్న సన్నటి తీగ) గురించి నేను చెప్పాల్సింది అతనే చెప్పేశాడు. బ్లాకు దాటాక కొసన ఒత్తిడి ఎంత మిగిలిందో చూడాలి. అది గుండె కండరం గరిష్ఠంగా రక్తం అడుగుతున్నప్పుడు చూడాలి. ఆ మిగిలిన ఒత్తిడిని అయోర్టా (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని) ఒత్తిడితో భాగిస్తే వచ్చే నిష్పత్తే ఎఫ్‌ఎఫ్‌ఆర్. 1974లో లాన్స్ గౌల్డ్ కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో విశ్రాంతిలో ఉన్నప్పటి ప్రవాహం బ్లాకు 85 శాతం దాటేదాకా తగ్గలేదు. గరిష్ఠ ప్రవాహం మాత్రం 30–45 శాతం దగ్గరే తగ్గడం మొదలైంది. ఊరికే కూర్చుంటే నొప్పి లేక, మెట్లెక్కితే రావడానికి కారణం ఇదే.

టేబుల్ మీద: ఆర్‌సీఏ, మా పొరపాటు

ముందురోజు సాయంత్రం నుంచి టీ, కాఫీ ఆపమన్నాం. గుంటూరు మనిషికి ఇది ఉపవాసం కంటే కష్టం. కానీ కెఫీన్ ఒంట్లో ఉంటే, చిన్న నాళాలను తెరిపించి ప్రవాహాన్ని గరిష్ఠం చేసే అడినోసిన్ మందు సరిగ్గా పనిచేయదు, ఎఫ్‌ఎఫ్‌ఆర్ ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుంది. ఆస్తమా లేదని నిర్ధారించుకున్నాం. కుడి మణికట్టు నుంచి వెళ్లాం, మోచేతి దగ్గర పెద్ద సిరకు అడినోసిన్ లైను. 72 కిలోల మనిషికి కిలోకి నిమిషానికి 140 మైక్రోగ్రాములు. "రెండు మూడు నిమిషాలు గుండెల మీద బండ పెట్టినట్టు ఉంటుంది, ఊపిరాడనట్టు ఉంటుంది, ఆపగానే పోతుంది" అని ముందే చెప్పాను. చెప్పకపోతే టేబుల్ మీద భయపడి లేవబోయే వాళ్లుంటారు.

మొదట ఆర్‌సీఏ. వైర్ సెన్సర్‌ని గైడ్ కాథెటర్ (వైరును నాళం దాకా తీసుకెళ్లే గొట్టం) కొసకు తెచ్చి రెండు ఒత్తిళ్లూ, అంటే వైరుదీ గైడుదీ, సమానం చేశాం. బ్లాకు దాటించి, నైట్రోగ్లిజరిన్ ఇచ్చి, అడినోసిన్ మొదలుపెట్టాం. స్క్రీన్ మీద అంకె దిగుతూ వచ్చి 0.80 దగ్గర నిలిచింది.

0.80 అంటే గీత మీద నిలబడ్డట్టు. 1990లలో నికో పీల్స్, బెర్నార్డ్ డి బ్రూయిన్ ఈ కొలత తెచ్చినప్పుడు గీత 0.75 దగ్గర ఉండేది. 2009లో వచ్చిన ఫేమ్ అధ్యయనం 0.80 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే స్టెంట్ అన్న లెక్కతో నడిచింది. పాత రిపోర్టు 70 అంది, వైరు 0.80 అంది, రెండూ ఒకే మాట చెబుతున్నట్టుంది. టెక్నీషియన్ స్టెంట్ సైజు కూడా అడిగాడు.

వైర్‌ని వెనక్కి లాగి గైడ్ కొసకు తెచ్చాను. అక్కడ నిష్పత్తి 1.00 ఉండాలి, 0.94 ఉంది. డ్రిఫ్ట్ (ఈ తేడా) 0.02, 0.03 దాకా అయితే ఒప్పుకుంటాం. 0.06 అయితే ఆ కొలతకి అర్థం లేదు.

కారణం దొరకడానికి రెండు నిమిషాలు పట్టింది. ఒత్తిళ్లు సమానం చేసినప్పుడు గైడ్ వెనక కొసనుండే వై-కనెక్టర్‌లో, వైరు దూర్చడానికి పెట్టిన ఇంట్రడ్యూసర్ సూది ఇంకా అలాగే ఉంది. సూది పక్కనుంచి కాస్త లీకవుతుంది కాబట్టి అప్పుడు గైడ్ ఒత్తిడి ఉన్నదానికన్నా ఐదారు మి.మీ. (పాదరసం లెక్కన) తక్కువ చూపించింది. వైర్‌ని ఆ తప్పు అంకెకి సరిపెట్టాం. తర్వాత సూది తీసేస్తే గైడ్ ఒత్తిడి అసలు చోటికి పెరిగింది, వైర్ మాత్రం ఐదారు మి.మీ. కిందే ఉండిపోయింది. ఆ ఐదారు మి.మీ. చాలు, స్టెంటు అక్కర్లేని మనిషిని స్టెంటు కావాల్సినవాడిగా చూపించడానికి. సూది తీశాక స్క్రీన్ వైపు ఒక్కసారి చూసి ఉంటే అప్పుడే తెలిసేది. నేను చూడలేదు.

సూది తీసి, కనెక్టర్ బిగించి, ఫ్లష్ చేసి, మళ్లీ సమానం చేసి, మళ్లీ దాటించాం. ఈసారి 0.87. వెనక్కి లాగాక గైడ్ కొసన 0.99. ఆర్‌సీఏకి స్టెంటు అక్కర్లేదు.

ఈ వైరు ఏ అంకె ఇచ్చినా రెండు దశాంశాలతో ఇస్తుంది. దాంతో అది కచ్చితమనే భ్రమ కలుగుతుంది. గైడ్ నాళంలో మరీ బిగుతుగా కూర్చున్నా, సైడ్‌హోల్స్ ఉన్న గైడ్ వాడినా, ట్రాన్స్‌డ్యూసర్ (గైడ్ ఒత్తిడిని కొలిచే పరికరం) ఎత్తు తప్పినా అంకె మారుతుంది. పేషెంటు వెల్లకిలా పడుకుంటే ఎల్‌ఏడీ కొస అయోర్టా కన్నా ఎత్తులో, సర్కమ్‌ఫ్లెక్స్ కొస పల్లంలో ఉంటాయి. ఆ ఎత్తు తేడాకే ఎల్‌ఏడీ అంకె కాస్త తగ్గి, సర్కమ్‌ఫ్లెక్స్ అంకె కాస్త పెరుగుతుంది. వైర్ వాడే ల్యాబుల్లో డ్రిఫ్ట్ చూడకుండా రిపోర్టు రాసే అలవాటు నేను చూశాను. అలాంటి కొలత కంటే కంటి అంచనాయే మేలు. కంటిని కనీసం అనుమానిస్తాం.

ఎల్‌ఏడీ: రెండు కొలతలు రెండు దారులు

ఇప్పుడు 'మందులు చాలు' అన్న నాళం. ఆర్‌సీఏ పాఠం వేడిగానే ఉంది కాబట్టి ఈసారి అన్నీ రెండుసార్లు చూసుకున్నాం.

అడినోసిన్ లేకుండా విశ్రాంతిలో తీసే అలాంటి నిష్పత్తే ఆర్‌ఎఫ్‌ఆర్: 0.91. గీత 0.89, దానికి పైనే ఉంది కాబట్టి నెగెటివ్. అడినోసిన్‌తో ఎఫ్‌ఎఫ్‌ఆర్: అయోర్టాలో 90, కొసన 69. అంటే 0.77, పాజిటివ్. డ్రిఫ్ట్ 0.01.

అడినోసిన్ అక్కర్లేని కొలతలు మాకు పెద్ద సుఖం. మందు ఖర్చు లేదు, పేషెంటుకి బాధ లేదు, పని త్వరగా తెములుతుంది. 2017లో డిఫైన్-ఫ్లెయిర్, ఐఎఫ్ఆర్-స్వీడ్‌హార్ట్ అనే రెండు పెద్ద అధ్యయనాలు, కలిపి నాలుగున్నర వేల మంది మీద, ఐఎఫ్ఆర్ అనే విశ్రాంతి కొలతతో తీసుకున్న నిర్ణయాలు ఏడాది ఫలితాల్లో ఎఫ్‌ఎఫ్‌ఆర్‌కి తీసిపోవని చూపించాయి. ఆర్‌ఎఫ్‌ఆర్ కూడా ఆ కుటుంబానిదే. అయితే ఈ రెండు రకాల కొలతలూ సుమారు ఐదు బ్లాకుల్లో ఒకదానిలో ఒకదాన్నొకటి కాదంటాయి.

కాదన్నప్పుడు చాలామంది ఏది నిజమని అడుగుతారు. నాకు ఆ ప్రశ్న నచ్చదు. రెండూ నిజమే, వేర్వేరు వేళల్లో చూసిన నీటి మట్టాలవి. ఎఫ్‌ఎఫ్‌ఆర్ పాజిటివ్, విశ్రాంతి కొలత నెగెటివ్ అయితే సాధారణంగా అర్థం ఏమిటంటే, కింది చిన్న నాళాలు ఇంకా బాగా తెరుచుకోగలుగుతున్నాయి, అడిగితే ప్రవాహం బాగా పెరుగుతోంది, ఆ పెరిగిన ప్రవాహం బ్లాకు దగ్గర తన్నుకుంటోంది. పెద్ద కండరానికి రక్తమిచ్చే ఎల్‌ఏడీలో ఈ పోకడ ఎక్కువ. దానికి తిరగబడ్డ పోకడ, అంటే ఎఫ్‌ఎఫ్‌ఆర్ బాగుండి విశ్రాంతి కొలత చెడ్డగా ఉండటం, వయసు మీరినవాళ్లలో, షుగరు వల్ల చిన్న నాళాలు దెబ్బతిన్నవాళ్లలో ఎక్కువ చూస్తాం. నిజానికి ఈయన షుగరు చూసి నేను ఆ రెండో రకం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు.

తేల్చుకోవడానికి అడినోసిన్ నడుస్తుండగానే వైర్‌ని మెల్లగా వెనక్కి లాగాం. కొసన 0.77, బ్లాకు దాటిన వెంటనే 0.80, బ్లాకు ముందు 0.95, మొదట్లో 0.98. నష్టంలో చాలా భాగం ఒక్క మెట్టులో, ఆ 26 మి.మీ.లోనే ఉంది. ఇది నాళం పొడవునా జారుడు బండలా కొంచెం కొంచెంగా దిగి ఉంటే స్టెంటు వేసి లాభముండేది కాదు, అంకె ఎంత చెడ్డదైనా మందులే ఇచ్చేవాణ్ని. చాలా రిపోర్టుల్లో కొసన ఉన్న ఒక్క అంకే రాస్తారు. నా మటుకు ఆ అంకె కన్నా ఈ లాగుడు గీతే ఎక్కువ చెబుతుంది.

నొప్పి ఉంది, ట్రెడ్‌మిల్ పాజిటివ్, ఎఫ్‌ఎఫ్‌ఆర్ 0.77, నష్టం ఒకే చోట. స్టెంటు వేద్దామన్నాం.

ఐవస్ చేసిన పని, చేయని పని

తర్వాత ఐవస్ (నాళం లోపలినుంచి తీసే అల్ట్రాసౌండ్) లోపలికి పంపాం. అన్నిటికన్నా ఇరుకైన చోట లోపలి వైశాల్యం 2.9 చ.మి.మీ., గోడలో కొవ్వు 76 శాతం. యాంజియోలో సగమే మూసుకుపోయినట్టు కనపడిన చోటిది.

"అయితే మొదటే ఐవస్ పెట్టి చూసుంటే సరిపోయేదిగా, వైర్ ఎందుకు?" అని మా జూనియర్ అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. ఒకప్పుడు 4 చ.మి.మీ. కన్నా తక్కువుంటే స్టెంటు అనే లెక్క నడిచింది. ఆ లెక్కతో పోతే అక్కర్లేని స్టెంట్లు చాలా పడతాయి. రెండు చ.మి.మీ. దారి చిన్న కొమ్మకు బోలెడు, ఎల్‌ఏడీ మొదట్లో అది ప్రమాదం. కింద ఎంత కండరం ఉందో ఐవస్‌కి తెలియదు. 2022లో వచ్చిన ఫ్లేవర్ అధ్యయనంలో చైనా, కొరియాల్లో 1,682 మందిని రెండు జట్లుగా చేశారు. ఐవస్ జట్టులో 65.3 శాతం మందికి స్టెంట్లు పడ్డాయి, ఎఫ్‌ఎఫ్‌ఆర్ జట్టులో 44.4 శాతం మందికే. రెండేళ్ల ఫలితాల్లో ఎఫ్‌ఎఫ్‌ఆర్ ఐవస్‌కి తీసిపోలేదు. తక్కువ స్టెంట్లతో అదే ఫలితం వస్తుంటే ఎక్కువ వేయడం దేనికి?

ఎల్‌ఏడీ, సర్కమ్‌ఫ్లెక్స్ రెండూ చీలే మొదలు, లెఫ్ట్ మెయిన్ సంగతి వేరు. అక్కడ ఐవస్ వైశాల్యాన్ని నేను గట్టిగా నమ్ముతాను. ఆ నాళం సైజు మిగతా నాళాల సైజు మారినంతగా మారదు, దాని కింద ఎప్పుడూ పెద్ద కండరమే ఉంటుంది. పాశ్చాత్య దేశాల లెక్క 6 చ.మి.మీ., కొరియా నుంచి వచ్చిన లెక్క 4.5. మనవాళ్ల ఒళ్లూ నాళాలూ చూస్తే నేను ఈ రెండింటి మధ్య ఎక్కడో నిలబడి, సందేహమొస్తే వైర్ కూడా వేస్తాను.

ఈయనకి ఐవస్ అక్కరకొచ్చింది స్టెంటు సైజుకి. యాంజియో చూసి 2.75 మి.మీ. వెడల్పుది తీసుకునేవాణ్నేమో. ఐవస్ చూపించిన దాన్నిబట్టి 3.0 × 28 మి.మీ. వేసి, పైభాగాన్ని 3.25 బెలూన్‌తో గట్టి చేశాం. స్టెంటులో కనీస వైశాల్యం 6.4 చ.మి.మీ. వచ్చింది. మళ్లీ ఎఫ్‌ఎఫ్‌ఆర్ చూస్తే 0.88. మెట్టు ఎత్తు 0.15 కాబట్టి 0.92 వస్తుందని ఆశించాను. స్టెంటు పడ్డాక ప్రవాహం పెరిగి మిగతా గోడలో దాగి ఉన్న నష్టం బయటపడుతుంది, అంచనా కన్నా తగ్గడం మామూలే.

ఓఎం సంగతి చెప్పలేదు కదూ. 80 శాతం నిజమే. కానీ కొమ్మ 1.8 మి.మీ. అందులోకి వైర్ పంపి అంకె తెచ్చి ఏం చేయాలి? పాజిటివ్ వచ్చినా అంత చిన్న దానిలో స్టెంటు వేయను. జవాబు నిర్ణయాన్ని మార్చనప్పుడు ప్రశ్న అడగకూడదని మా గురువుగారు అనేవారు. వదిలేశాం.

ఎవరి కన్ను ఎంత తప్పుతుంది

ఫేమ్ అధ్యయనంలో ఎఫ్‌ఎఫ్‌ఆర్ జట్టులోని బ్లాకులను కంటి అంచనాతో, ఎఫ్‌ఎఫ్‌ఆర్‌తో పక్కపక్కన పెట్టి 2010లో ఒక లెక్క వేశారు. కంటికి 50–70 శాతం అనిపించినవాటిలో 35 శాతమే పాజిటివ్. 71–90 అనిపించినవాటిలో 80 శాతం. 90 దాటినవాటిలో 96. అంటే 90 దాటిన బ్లాకుకి వైర్ దండగ, మధ్యలో ఉన్నదానికి వైర్ లేకపోతే బొమ్మా బొరుసే. మూడు నాళాల్లోనూ జబ్బుందని యాంజియో చెప్పిన 115 మందిలో ఎఫ్‌ఎఫ్‌ఆర్ లెక్కన మూడూ నిజంగా చెడినవాళ్లు 14 శాతం. ఆ లెక్క చదివాక 'ట్రిపుల్ వెసెల్' అన్న మాట పేషెంటు ముందు వాడాలంటే నాకు నోరు రాదు. అలాగని వైర్ ఉంది కదా అని బైపాస్‌ని పక్కన పెట్టేయలేం. 2022లో ఫేమ్-3 లో మూడు నాళాల జబ్బుకి ఎఫ్‌ఎఫ్‌ఆర్ చూసి స్టెంట్లు వేసినా ఏడాదికి బైపాస్‌తో సమానం కాలేకపోయింది.

వైర్ లేకుండా యాంజియో బొమ్మల నుంచే లెక్కగట్టే క్యూఎఫ్‌ఆర్ మీద నాకు ఆశ ఉండేది. 2021లో చైనాలో కంటి అంచనా కంటే మెరుగని తేలింది. 2024లో యూరప్‌లో నేరుగా ఎఫ్‌ఎఫ్‌ఆర్‌తో పోటీ పెడితే ఓడిపోయింది, ఏడాదికి గుండెపోటు, మరణం, ముందు అనుకోని స్టెంట్లు, బైపాస్‌లు కలిపి క్యూఎఫ్‌ఆర్ జట్టులో 6.7 శాతం, ఎఫ్‌ఎఫ్‌ఆర్ జట్టులో 4.2 శాతం. కంటి కన్నా మేలు, వైర్ కన్నా తక్కువ అని ప్రస్తుతానికి నా లెక్క.

ఖర్చు మాట కూడా రాయాలి. 2017 ఫిబ్రవరిలో మందు పూసిన స్టెంటుకి 29,600 రూపాయల సీలింగ్ వచ్చింది, మంచిదే. ఆ రోజు మా ప్రెషర్ వైర్ బిల్లు దాన్ని దాటింది. కొలిచే తీగ కన్నా వేసే స్టెంటు చవకైతే చేయి ఎటు పోతుందో ఊహించుకోవచ్చు. ఈ కేసులో రెండు స్టెంట్లు తప్పినా ఎల్‌ఏడీకి ఒకటి పడింది, కాబట్టి వైరు, ఐవస్ ఖర్చు కలిపితే మిగిలిందేమీ లేదు. ప్రతి కేసులో అలా అవదు.

తర్వాత

ఆర్‌సీఏని వదిలేయడం గురించి నాకు పూర్తి నిశ్చింత లేదు. డిఫర్ అధ్యయనంలో ఎఫ్‌ఎఫ్‌ఆర్ బాగుందని స్టెంటు వేయకుండా వదిలేసినవాళ్లలో పదిహేనేళ్లలో గుండెపోట్లు 2.2 శాతం, వేసినవాళ్లలో 10 శాతం. కొండంత ధైర్యమిచ్చే అంకె అది. కానీ షుగరున్నవాళ్లకి అదే ధైర్యం చెప్పలేను. కంబైన్ అనే అధ్యయనంలో షుగరుండి, ఎఫ్‌ఎఫ్‌ఆర్ నెగెటివ్ అయినవాళ్లకి ఓసీటీ (నాళం గోడను లోపలినుంచి కాంతితో చూసే పరీక్ష) చేస్తే నలుగురిలో ఒకరికి పలచటి పొర కింద కొవ్వు గడ్డ కనపడింది. వాళ్లలో పద్దెనిమిది నెలల్లో 13.3 శాతం మందికి ఇబ్బంది వచ్చింది, పొర గట్టిగా ఉన్నవాళ్లలో 3.1 శాతం మందికే. ప్రవాహం బాగున్నంత మాత్రాన గోడ బాగున్నట్టు కాదు. ఈయన ఆర్‌సీఏలో ఓసీటీ చేయలేదు, ఆ రోజు బిల్లులో దానికి చోటు లేదు. ఒకవేళ చేసి పలచటి పొర చూసినా స్టెంటు వేసేవాణ్ని కాదు, కొలెస్టరాల్ తగ్గించే రోసువాస్టాటిన్ 40 మి.గ్రా. ఇచ్చేవాణ్ని. అది ఎలాగూ ఇస్తున్నాను.

డిశ్చార్జి రోజు కొడుకు మళ్లీ అడిగాడు, "ఊళ్లో అడుగుతారు సార్, కుడిది ఎంత పర్సెంటని రాయమంటారు?" సమ్మరీలో "ఆర్‌సీఏ ఎఫ్‌ఎఫ్‌ఆర్ 0.87, స్టెంటు అవసరం లేదు" అని రాశాను. "అంటే 87 పర్సెంటు బ్లాకా?" అని కంగారుపడ్డాడు. 87 శాతం ఒత్తిడి అవతలికి చేరుతోందని కింద తెలుగులో ఇంకో వాక్యం చేర్చాను. అప్పటి నుంచి మా సమ్మరీలన్నిటిలో ఆ వాక్యం ఉంటోంది.

ఎనిమిదో నెలలో ట్రెడ్‌మిల్ తొమ్మిది నిమిషాలు నడిచారు, నొప్పి లేదు, ఎస్‌టీ మార్పు లేదు. కింది లీడ్లు శుభ్రంగా ఉన్నాయి, ఆర్‌సీఏని ముట్టుకోకుండానే. చెడు కొలెస్టరాల్ (ఎల్‌డీఎల్) 71 ఉంటే ఎజెటిమైబ్ చేర్చాను. మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఇంకా 7.8. మిర్చి సీజన్ అయ్యాక చూపించుకుంటానన్నారు.